ఎవులు సేసినారు టీచర్?

విశాఖపట్నంలో తయారైన వస్తువుల్లోకల్లా అందమైనవి కొన్ని లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. టేకు మీదా రోజ్‌వుడ్ మీదా ఏనుగు దంతం తాపడం చేసి, ఆ దంతం మీద వెంట్రుకవాసి గీతలతో పూలతీగలు చెక్కి, గీతల్లోకి నల్లటి లక్క నింపిన కుర్చీలు, రాతబల్లలు, పెట్టెలు. పద్దెనిమిదో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ దొరలు చెప్పి చేయించుకుని ఓడలెక్కించి పట్టుకుపోయినవి. 1756లోనే జాన్ కోర్నెయిల్ అనే సైనికాధికారి ఈ ఊరి అద్దకం బట్టల గురించీ ఈ తాపడం పని గురించీ మెచ్చుకుంటూ రాశాడు. 2001లో అమీన్ జాఫర్ బ్రిటిష్ ఇండియా, సిలోన్‌ల ఫర్నిచర్ మీద పెద్ద పుస్తకం వేస్తే అందులో మన ఊరికి మంచి చోటే దక్కింది. పని చేసినవాళ్లు మన కంసాలులు. వాళ్ల వంశాలు ఏమయ్యాయో, మనవల మనవలు ఇప్పుడు ఏ నగల కొట్లో దినకూలికి కూర్చుంటున్నారో ఎవరైనా వెతికారని నేనైతే వినలేదు.

గాజువాక వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తాను నేను. నాడు–నేడు పథకంలో మా గదికి కూడా ఐఎఫ్‌పీ వచ్చింది. బోర్డు ఉండే గోడకి పెద్ద తెర, వేలితో తాకితే కదులుతుంది, రెండు వేళ్లతో లాగితే బొమ్మ పెద్దదవుతుంది. ఆ లండన్ మ్యూజియం తన వస్తువుల ఫొటోలూ వివరాలూ ఇంటర్నెట్‌లో పెట్టింది కాబట్టి ఎనిమిదో తరగతికి ఒక దంతపు పెట్టె చూపించాను. పిల్లలు తెర దగ్గరకొచ్చి తలో మూల లాగారు. తీగలో దాక్కున్న పిట్ట కోసం వెతికారు, గీత ఎక్కడ వంకర పోయిందో పట్టుకున్నారు. "ఏటి టీచర్, మన వైజాగ్‌దా ఇది? మరిక్కడ నేదేటి?" అన్నాడొకడు. దంతం ఏనుగు చచ్చిపోయాక తీశారా, తియ్యడానికే చంపారా అని ఒకమ్మాయి అడిగింది. వెనక బెంచీ నుంచి ఇంకో గొంతు: "ఎవులు సేసినారు టీచర్?"

మ్యూజియం ఒక్కో వస్తువుకి పెట్టే ఇలాంటి పుటలో చాలా సంగతులుంటాయి. ఏ ఊరు, ఏ కాలం, ఏ కర్ర, పొడుగు ఎంత, వెడల్పు ఎంత, మ్యూజియానికి ఎలా చేరింది. చేసినవాడి పేరు మాత్రం ఉండదు. మ్యూజియం దాచిపెట్టిందని కాదు, కొన్నవాళ్లు రాసుకోలేదు, అంతే. అయినా ఆ పిల్లవాడి ప్రశ్నని నేను పాఠంలో సగభాగంగా లెక్కేస్తాను. ఇంటర్నెట్ మ్యూజియాల మీద మనవాళ్లు ఈమధ్య తెగ మాట్లాడుతున్నారు. త్రీడీ, హెడ్‌సెట్, ఆ కాలంలోకి నడిచి వెళ్లిపోవడం... వాటన్నిటినీ నేను ఒకటే గీటురాయి మీద గీసి చూస్తాను. ఇది పిల్లవాడి చేత ఒక ప్రశ్న అడిగించిందా? అడిగిన ప్రశ్నని పుచ్చుకోవడానికి దానికి ఏదైనా ఏర్పాటుందా?

మొదటిదానికి మార్కులు బాగానే పడతాయి. రెండోదానికి సున్నా.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. తెర మీది మ్యూజియం వద్దనేవాళ్లలో నేను లేను. మా పిల్లల్ని బీచ్‌రోడ్డు మ్యూజియాలకి తీసుకెళ్లాలంటే బస్సు మాట్లాడాలి, తల్లిదండ్రుల సంతకాలు కావాలి, మధ్యాహ్న భోజనం సంగతి తేల్చాలి. పాడేరు కొండమీది బడికైతే ఆ మాటే ఎత్తక్కర్లేదు. ఇక లండన్ గురించి చెప్పేదేముంది? మన అమరావతి స్తూపం పలకలు నూట ఇరవైకి పైగా 1859లో మద్రాసు నుంచి ఓడలో వెళ్లిపోయాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో ఒక రాయి ఉంది. దానికి ఒక పక్క క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలో చెక్కిన బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం. మూడొందల ఏళ్ల పైన గడిచాక అదే రాతిని తిప్పి రెండో పక్క స్తూపాన్ని చెక్కారు. పాఠ్యపుస్తకంలో వేసే ఫొటో ఎప్పుడూ ఒక పక్కే. ఇదిగో, ఇలాంటి చోట త్రీడీ తన కూలి తాను సంపాదించుకుంటుంది. తిప్పితే వెనక నిజంగా ఏదో ఉంది. అక్కడ బుద్ధుడు ఖాళీ ఆసనంగా ఉన్నాడు, ఇక్కడ స్తూపం దగ్గర బొమ్మగా వచ్చాడు, ఈ మధ్యలో జనం మనసులో ఏం మారింది అని అడగొచ్చు. మట్టికుండని తిప్పితే వెనక కూడా మట్టికుండే. దానికి లక్షలు పోసి త్రీడీ చేయించడం నా లెక్కలో దండగ.

తెర మీద నడిచే మ్యూజియాల సంగతి వేరు. నేల మీద బాణం గుర్తు, నొక్కితే ముందుకి జరుగుతాం. 2015లో బ్రిటిష్ మ్యూజియం గూగుల్‌తో కలిసి అలా తన గదులన్నీ తెరిచింది. మా పిల్లలకి అది పండగ. ఎవరు ముందు అటు చివరికి పోతారో పందెం కట్టారు. ఈజిప్టు, గ్రీసు, అసీరియా మొత్తం పెళ్లి వీడియోని ఫాస్ట్ ఫార్వర్డ్‌లో చూసినట్టు దాటేశారు. గంట కొట్టేటప్పటికి వాళ్లకి గుర్తున్నది పైకప్పు అద్దాలు, ఒక మూల నిలబడ్డ సెక్యూరిటీ మనిషి. పిల్లల్ని తిట్టడానికి లేదు, ఆ బాణం అడిగిన పని వాళ్లు చేశారు. అది పరిగెత్తమంది.

పెద్దవాళ్లు మాత్రం ఏం గొప్ప? 2001లో జెఫ్రీ స్మిత్, లీసా స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులు ఒక్కో బొమ్మ ముందు ఎంతసేపు నిలబడుతున్నారో గడియారం పెట్టి చూశారు. సగటున 27 సెకన్లు. సగం మంది 17 సెకన్లు కూడా నిలబడలేదు. 2014లో లిండా హెంకెల్ ఇంకో సంగతి తేల్చారు. మ్యూజియంలో ఫొటో తీసుకున్న వస్తువులు, ఊరికే చూసిన వస్తువుల కంటే మర్నాటికి తక్కువ గుర్తున్నాయి. ఫోన్ దాచుకుంటుందిలే అని మనసు చేతులు దులిపేసుకుంటుంది కాబోలు. కానీ అదే పరిశోధనలో, వస్తువులో ఒక భాగాన్ని దగ్గరికి లాగి ఫొటో తీసినవాళ్లకి మరుపు రాలేదు. ఏ భాగాన్ని లాగాలో ముందు తేల్చుకోవాలి కదా, తేల్చుకోవాలంటే చూడాలి. దంతపు పెట్టె మీద పిట్టని వెతికిన పిల్లలు చేసిందీ అదే. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం 2012లో లక్షా పాతికవేల బొమ్మలు ఇంటర్నెట్‌లో పెట్టినప్పుడు, వాటిని జనం ముక్కలుగా కత్తిరించుకుని, తమకి నచ్చిన వరసలో పేర్చుకుని, దాచుకునే వీలు కూడా ఇచ్చింది. చెవిపోగులన్నీ ఒకచోట, కుక్కలన్నీ ఒకచోట. వినడానికి ఆటలా ఉంటుంది గానీ, కుక్కలన్నీ ఏరేటప్పుడు మూడొందల ఏళ్ల డచ్చి ఇళ్ల గడపలు కంటపడతాయి.

ఇప్పుడు బీచ్‌రోడ్డుకి వద్దాం. విశాఖ పిల్లలకి మ్యూజియం అంటే ముందుగా కురుసుర. 1969 డిసెంబరు 18న సోవియట్ రేవు రీగాలో మన నౌకాదళంలో చేరిన జలాంతర్గామి, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి తీసుకుంది, 2002 ఆగస్టు నుంచి ఆర్కే బీచ్ ఇసుకలో మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల పొడవు. గుండ్రటి ద్వారాల్లోంచి వంగి వంగి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలి. పైపులు, చక్రాలు, మీటర్లు, మళ్లీ పైపులు. అక్కడి బోర్డుల మీద రాసింది పిల్లలెవరూ చదవరు. వాళ్లు వినేది లోపల నిలబడి చెప్పే మనిషిని. ఆయన నేవీలో పనిచేసి రిటైరైన మనిషి, యూనిఫాం లేకపోయినా నడుం నిటారుగానే ఉంటుంది.

పిల్లలు ఆయన్ని అడిగేది యుద్ధం గురించి కాదు. ఏ బ్యాచ్‌ని తీసుకెళ్లినా మొదటి ప్రశ్న స్నానం గురించి, రెండోది దొడ్డికెళ్లడం గురించి. ఆయన మొహమాటపడకుండా చెప్తాడు. మంచినీళ్లు తాగడానికీ వంటకీ లెక్కగా సరిపోతాయి, స్నానం మాట మర్చిపోవాలి, డీజిల్ వాసన ఒంటికి పట్టేస్తుంది, ఇంటికెళ్తే పెళ్లాం గుమ్మంలోనే ఆపుతుంది. పిల్లలు గొల్లున నవ్వుతారు. ఆ నవ్వులోంచి అసలు ప్రశ్న వస్తుంది: "మరి అన్ని రోజులు ఎందుకున్నారండి?" అప్పుడాయన చెప్పే జవాబు ఒకరికి చెప్పినట్టు ఇంకొకరికి చెప్పడు. ఒకసారి జీతం అన్నాడు. ఒకసారి, బయటికి రావడం మన చేతిలో లేదు కదమ్మా అన్నాడు.

సంభాషణ అంటే నాకు తెలిసింది ఇది. దీన్ని తెర మీదికి తేవాలనుకునేవాళ్లు మొట్టమొదట కొనేది ఏమిటి? చుట్టూ తిరిగి ఫొటో తీసే కెమెరా. దాంతో పైపులన్నీ మహా స్పష్టంగా వస్తాయి. ఆ మనిషి కెమెరాకి అడ్డమని పక్కకి తప్పుకుంటాడు. కురుసురని రీగా నుంచి తెచ్చిన నాటికి ఇరవై ఏళ్ల కుర్రాడైన నావికుడు ఇప్పుడు ఎనభైకి దగ్గర పడుతున్నాడు. ఇనుము ఇంకో యాభై ఏళ్లు రంగులేసుకుంటూ నిలబడుతుంది. దాన్ని ఫొటో తీయడానికి తొందరేం లేదు. నా చేతిలో పది రూపాయలుంటే ఎనిమిది ఆ మనుషుల గొంతు రికార్డు చేయడానికి ఖర్చుపెడతాను, పిల్లలు అడిగే ప్రశ్నలు పిల్లల చేతే అడిగించి. మిగిలిన రెండూ కెమెరాకి.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో కురుసురకి దగ్గర్లోనే కనబడుతుంది. బీచ్‌రోడ్డు మీద పాత డచ్చి బంగళాలో 1991 నుంచి ఉన్న విశాఖ మ్యూజియంలో జపానువాళ్లు వేసిన బాంబు ఒకటి ఉంది, పేలనిది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు మన రేవు మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. ఊరు ఊరంతా మూటాముల్లె కట్టుకుని లోపలి పల్లెలకి వెళ్లిపోయింది. మా చిన్నప్పుడు ఆ సంగతి ముసలివాళ్లు వద్దన్నా చెప్పేవారు. ఎడ్లబండి దొరక్క ఎవరు నడిచారు, ఎవరి ఇంట్లో పొయ్యి మీద అన్నం అలాగే ఉండిపోయింది, తిరిగొచ్చేటప్పటికి ఏ సామాను పోయింది. అప్పటికి పదేళ్లున్న పిల్లకి ఇవాళ తొంభై దాటాయి. బాంబు ఉంది, దానికి పెయింటు ఉంది, కింద పలక ఉంది. ఆ కథ చెప్పే నోరు దాదాపు లేదు. దానికి రేపు ఎవరో హెడ్‌సెట్ తగిలించి, సైరను మోగించి, బాంబు పడుతున్నట్టు భ్రమ కల్పిస్తారు. పిల్లలు కేరింతలు కొడతారు. అది సినిమా. సినిమా చెడ్డదని కాదు, జలాంతర్గామి సినిమా ఘాజీ చూసొచ్చిన మా పిల్లలు కురుసురలో ఇంకాస్త శ్రద్ధగానే నడిచారు. కానీ సైరనుకి ఎదురు ప్రశ్న వెయ్యలేం.

1942కి మనం ఆలస్యమైపోయాం. 1966కి ఇంకా కాలేదు. నా అసలు గొడవ ఇక్కడుంది.

విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని రాష్ట్రమంతా రోడ్డెక్కిన ఏడాది అది. అమృతరావు గారి నిరాహారదీక్ష, నవంబరు 1న విశాఖలో కాల్పులు, మొత్తం ఉద్యమంలో 32 మంది ప్రాణాలు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ స్టీల్ ప్లాంటుకి శంకుస్థాపన చేశారు, 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఈ తేదీలు మా పిల్లలకి కంఠతా వచ్చు, పరీక్షలో వస్తాయి కాబట్టి. ప్లాంటు కోసం 64 పల్లెలు ఖాళీ అయ్యాయన్నది కూడా వచ్చు. ఆ పల్లెలు ఏవి అంటే మాత్రం తెల్లమొహం. విచిత్రం ఏమిటంటే అలా తెల్లమొహం వేసిన పిల్లల్లో చాలామంది అగనంపూడి, పెదగంట్యాడ, వడ్లపూడి నిర్వాసిత కాలనీల నుంచి వస్తారు. నిర్వాసితులని గుర్తించి ఇచ్చిన ఆర్‌కార్డు అనే మాట వాళ్లింట్లో అన్నం అనే మాటంత మామూలు. తాత పేర ఆర్‌కార్డు, దాని మీద ఉద్యోగం రాని బాబాయి, ఆ గొడవలు. ఊరు ఎలా ఉండేదో మాత్రం ఎవరూ చెప్పలేదు, వీళ్లూ అడగలేదు.

అందుకని ఇంట్లో ఉన్న ఒక పాత వస్తువు తెమ్మన్నాను, వస్తువు బరువైతే ఫొటో, దాంతో పాటు ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల మాట ఫోన్లో రికార్డు. కుంచం వచ్చింది, తవ్వ వచ్చింది, ఎద్దు మెడలో గంట వచ్చింది. ఒకబ్బాయి తలుపు గడియ ఒకటి తెచ్చాడు. ఇల్లు కూల్చేటప్పుడు వాళ్ల ముత్తాత తలుపులూ వాసాలూ బండి మీద వేయించి కొత్త కాలనీకి తెచ్చుకున్నాడట. తలుపు చెదలు తినేసింది, గడియ ఉండిపోయింది. ఇద్దరు ముగ్గురు, హుద్‌హుద్ తుఫానులో ఆల్బం తడిసిపోయింది టీచర్, ఏమీ లేదు అన్నారు. లేదన్న సంగతే రికార్డు చెయ్యమన్నాను.

టెక్సస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం 1950ల నాటి అమెరికా సైనిక పటాల్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది, రెండున్నర లక్షలకి ఒకటి స్కేలు. మన తీరం కూడా వాటిలో ఉంది. ప్లాంటు లేని గాజువాక, స్టీల్‌ప్లాంటు గోడ లేని పొలాలు. దాన్ని తెర మీద పెట్టి, పక్కన ఇవాళ్టి ఉపగ్రహ చిత్రం పెట్టి, ఒక పిల్ల వాళ్ల నాయనమ్మని బడికి తీసుకొస్తే ఆవిడకి చూపించాను. ఆవిడ చదువుకోలేదు. పటం తనకేం తెలియదంది. సముద్రం ఇటు, కొండ అటు అని చెప్పగానే లేచి తెర దగ్గరకొచ్చి వేలు పెట్టింది. "ఇదిగిదిగో, ఈ గట్టు ఎంబడే ఎల్లీవోలం. సెరువు ఇక్కడ కాదమ్మా, ఇంకా ఇటేపు." వేలు తాకగానే బొమ్మ జరిగిపోయింది. ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది, పిల్లలు నవ్వారు, ఆవిడా నవ్వింది. తర్వాత ఒక పీరియడంతా ఆవిడే పాఠం చెప్పింది. ప్లాంటులోని ఉక్కు కొలుముల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పిల్లలు చెప్తే, "మా కల్లాలుండీవి అక్కడ" అంది. ఆ మాట ఏ పోర్టల్లోనైనా ఎక్కడ నింపాలి? ఏ పెట్టెలో? వస్తువు పేరు, పదార్థం, కొలత, కాలం. కల్లానికి కొలతుంది గానీ వస్తువు లేదు.

మన దేశంలో ఇంటర్నెట్ మ్యూజియాల పని జరగడం లేదని నేననను. కేంద్ర సాంస్కృతిక శాఖ మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా పోర్టల్లో సాలార్‌జంగ్, నాగార్జునకొండ మ్యూజియాల వస్తువులున్నాయి. దానికి పుణె సీడాక్ వాళ్లు తయారుచేసిన జతన్ అనే సాఫ్ట్‌వేర్ వాడారు. నాగార్జునకొండ అంటే ఊరికే కాదు. సాగర్ నీళ్లు ముంచేలోపల 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికింది దొరికినట్టు కొండెక్కించి కాపాడిన చోటు. నీళ్లు వస్తున్నాయని తెలిసి పరుగులు పెట్టి చేసిన పని అది. తొట్లకొండ సంగతీ చెప్పాలి. నౌకాదళం స్థావరం కోసం సర్వే చేస్తుంటే బయటపడ్డ బౌద్ధారామం అది. తిరిగి కట్టిన మహాస్తూపంలో కొంత భాగం 2019 అక్టోబరు వానలకి కూలిపోయింది, మళ్లీ కట్టారు. అలాంటి చోట ప్రతి ఇటుకనీ కొలిచి త్రీడీలో భద్రం చేసుకోవాలనడానికి ఎవరూ వాదన చెప్పక్కర్లేదు. రాళ్లకి ఈ జాగ్రత్త చాలావరకు వచ్చేసింది. మాటలకే రాలేదు.

మాటలకి దారి చూపినవాళ్లు వేరేచోట్ల ఉన్నారు. 1947 పార్టిషన్ ఆర్కైవ్ 2010లో అమెరికాలో ఉన్న ఒక భారతీయ శాస్త్రవేత్త పూనికతో మొదలై, దేశవిభజన చూసిన పదివేల మందికి పైగా మాటల్ని రికార్డు చేసింది. రికార్డు చేసినవాళ్లలో చాలామంది మామూలు మనుషులు, ఎలా అడగాలో కాస్త నేర్పించి పంపారు. 2017లో ఆంచల్ మల్హోత్రా, నవ్ధా మల్హోత్రా మ్యూజియం ఆఫ్ మెటీరియల్ మెమరీ పెట్టారు. దానికి భవనం లేదు, సొంత వస్తువులూ లేవు. ఎవరింట్లో ఉన్న పెట్టె, చీర, గిన్నె వాళ్లింట్లోనే ఉంటుంది, దాని కథ, ఫొటో ఇక్కడికొస్తాయి. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ 2013 నుంచి తన దగ్గరున్న పాత చేతిరాత ఉత్తరాల్నీ డైరీల్నీ ఇంటర్నెట్‌లో పెట్టి, చదవగలిగినవాళ్లు చదివి ఎత్తిరాసి పెట్టండి అని జనాన్ని అడుగుతోంది. ఇక్కడ చూసేవాడు బాణం నొక్కి వెళ్లిపోడు. కూర్చుని పని చేస్తాడు. పని చేస్తూ నేర్చుకుంటాడు.

దీనికి ఇబ్బందులు లేవా అంటే బోలెడు. మా చిన్న ప్రయత్నంలోనే వచ్చాయి. ఆర్‌కార్డు ఫొటో పెడితే అందులో పేర్లు, నంబర్లు అన్నీ కనబడతాయి, వాటిని చెరపాలి. ఒక చెరువు ఎవరి కులంవాళ్లు తవ్వించారన్న దాని మీద రెండిళ్లు రెండు కథలు చెప్పాయి. నష్టపరిహారం మాట వచ్చేసరికి ఒకాయన గొంతు పెంచి, రికార్డు ఆపెయ్యమన్నాడు. రెండు కథల్లో ఏది నిజమో నేను తేల్చలేను, తేల్చడం నా పని కూడా కాదనుకుంటాను. ఎవరు చెప్పారు, ఏ ఏడాది చెప్పారు అన్నది రాసి రెండూ ఉంచాలి. ఆపెయ్యమన్న మనిషిది ఆపెయ్యాలి. ఆయన ఇచ్చింది రేపు వెనక్కి తీసుకుంటానంటే ఇచ్చెయ్యాలి. ఇలాంటి మర్యాదలు తెలిసినవాడు ఒకడు లేకుండా, జనమే ఏదో ఒకటి పెట్టుకుంటారులే అని తలుపులు బార్లా తీస్తే అది వారంలో వాట్సాప్ గ్రూప్ అయి కూర్చుంటుంది. అంటే జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకోవాలి, నెలనెలా. టెండర్లలో అద్దాలకీ తెరలకీ హెడ్‌సెట్లకీ పద్దు దొరుకుతుంది. ఈ జీతానికి మాత్రం ఎప్పుడూ కాలమ్ ఉండదు.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పి ఊరుకుంటాను. మన మ్యూజియాల పుటలు చాలావరకు ఇంగ్లిషులో ఉంటాయి, బ్రౌజరు చేసి పెట్టే తెలుగు చదివితే పిల్లలు పాఠం మానేసి నవ్వుకుంటారు. తెలుగు చేయించినా టీవీ వార్తల గొంతుతో చేయిస్తారు. కురుసుర పెద్దాయన గొంతు, ఆ నాయనమ్మ గొంతు ఉన్నవి ఉన్నట్టే వినబడనివ్వండి. "ఎల్లీవోలం" అన్నదాన్ని దిద్దొద్దు.

ఎవరు చెయ్యాలి? నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ చేతిలో కురుసుర ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1926 నుంచి నూరేళ్ల పేరుంది, చరిత్ర విభాగం ఉంది, ప్రాజెక్టు కోసం వెతుక్కునే విద్యార్థులున్నారు. హైస్కూళ్లలో తెరలున్నాయి, ఫోన్లున్న పిల్లలున్నారు, ఇళ్లలో ముసలివాళ్లున్నారు. ఈ ముగ్గురినీ కూర్చోబెట్టి, అడగడం ఎలాగో పిల్లలకి రెండు పూటలు నేర్పితే చాలు, ఈ వేసవి సెలవుల్లోనే పని మొదలుపెట్టొచ్చు. 64 పల్లెల పేర్లు రాసిన పటం ఒకటి, పేరు మీద నొక్కితే ఆ ఊరి మనుషుల గొంతులు, నాకు ఇంకొకటి తెలుసు అనేవాళ్లు ఫోన్లో మాట్లాడి పంపే ఏర్పాటు. దీనికి హెడ్‌సెట్ అక్కర్లేదు.

పోర్టువాళ్లకి ఇంకా మంచి అవకాశం ఉంది. మాంగనీసు ఎగుమతి కోసం బెంగాల్ నాగపూర్ రైల్వే కట్టిన ఈ రేవుని 1933 డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభించాడు. అంతకుముందే అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికొచ్చింది. 2033కి నూరేళ్లు. సావనీరు వేస్తారు, విల్లింగ్డన్ ఫొటో వేస్తారు, జలదుర్గ ఫొటో వేస్తారు, ఇప్పటినుంచే చెప్పొచ్చు. బుట్టలు మోసిన కళాసీలు, యంత్రాలొచ్చాక పని పోయి ఇంటికెళ్లిన జట్లు, వాళ్ల భార్యలు పాతనగరంలోనూ కంచరపాలెంలోనూ ఇంకా కొందరున్నారు. ఏడేళ్ల తర్వాత సావనీరు కమిటీ వేసి వాళ్లని వెతికే బదులు, ఇప్పుడే ఒక రికార్డరూ ఒక మనిషీ పెట్టండి. మా పిల్లల్ని పంపిస్తాను. ప్రశ్నలు వాళ్ల దగ్గర సిద్ధంగానే ఉన్నాయి.